కుక్క ఉన్న ఇంట్లో కాక్టస్: విషం కంటే ముల్లుతోనే చిక్కు

కాక్టస్ కుక్కలకు విషమా అని వెతికితే జవాబు తొందరగానే దొరుకుతుంది. కాదు. కుండీల్లో పెంచే నిజమైన కాక్టస్ రకాల్లో దాదాపు వేటిలోనూ కుక్క ప్రాణం మీదికి తెచ్చేంత విషం ఉండదు. అమెరికాలో 1866లో మొదలైన జంతు సంరక్షణ సంస్థ ఏఎస్‌పీసీఏ, పెంపుడు జంతువులకు ఏ మొక్క మంచిదో ఏది చెడ్డదో చెప్పే జాబితా ఒకటి నడుపుతోంది. క్రిస్మస్ కాక్టస్, ఈస్టర్ కాక్టస్ ఆ జాబితాలో విషం లేనివాటి వైపే ఉన్నాయి. అది చదివి హమ్మయ్య అనుకుని, మొక్క తెచ్చి కిటికీ దగ్గర పెట్టేస్తారు.

జవాబులో తప్పేం లేదు. ప్రశ్నే సగం అడిగారు. కాక్టస్ వల్ల కుక్కకు హాని జరిగిందంటే ముఖ్యంగా రెండు కారణాలుంటాయి. ఒకటి ముల్లు గుచ్చుకోవడం, రెండోది కాక్టస్ కాని మొక్కను కాక్టస్ అనుకుని తెచ్చుకోవడం. రెండు చోట్లా మోసం చేసేది మొక్క రూపమే. నిలువెల్లా ముళ్లతో బెదిరించే మొక్కకు మనమూ దూరంగా ఉంటాం, కుక్కా దూరంగానే ఉంటుంది. మెత్తగా, ముద్దుగా కనిపించే మొక్క దగ్గరే అందరం ఏమరుపాటుగా ఉంటాం.

జెముళ్లన్నీ ఒక కుటుంబం కాదు

వృక్షశాస్త్రం ప్రకారం కాక్టస్ అంటే కాక్టేసీ అనే ఒక కుటుంబం. అందులో సుమారు 1,750 జాతులున్నాయి. చెట్ల మీద వేలాడుతూ పెరిగే రిప్సాలిస్ బాక్సిఫెరా ఒక్కటే ఆఫ్రికాలోనూ, శ్రీలంకలోనూ సహజంగా కనిపిస్తుంది. మిగిలినవన్నీ అమెరికా ఖండాల్లో పుట్టినవే. అటు ఆఫ్రికా పొడి నేలల్లో యూఫోర్బియా అనే వేరే కుటుంబపు మొక్కలు అలాంటి ఎండకూ, అలాంటి నీటి కరువుకూ తట్టుకుంటూ వచ్చి చివరికి అదే ఆకారానికి చేరాయి. నీళ్లు దాచుకునే లావు కాండం, పేరుకు మాత్రమే ఆకులు, అంచుల వెంట ముళ్లు. రెండు కుటుంబాలకూ చుట్టరికం లేదు, పోలిక మాత్రం అన్నదమ్ముల పోలిక. ఆస్ట్రోఫైటమ్ ఆస్టీరియాస్ అనే ముళ్లు లేని గుండ్రటి కాక్టస్‌నూ, యూఫోర్బియా ఒబీసానూ పక్కపక్కన పెడితే మొక్కలు పెంచడంలో అనుభవం ఉన్నవాళ్లు కూడా ఒక క్షణం తటపటాయిస్తారు.

తెలుగులో ఈ గందరగోళం మాటలోనే ఉంది. నాగజెముడు కాక్టస్. బొంతజెముడు, ఆకుజెముడు యూఫోర్బియాలు. మూడింటినీ మనం జెముడనే అన్నాం. ఇంగ్లిష్ పేర్లు ఇంతకంటే మెరుగేమీ కాదు. పెన్సిల్ కాక్టస్, క్యాండెలాబ్రా కాక్టస్ అన్న పేర్లతో అమ్మే మొక్కలు రెండూ యూఫోర్బియాలే. కుండీకి అంటించిన చీటీ మీద కాక్టస్ అని ఉన్నంత మాత్రాన నమ్మడానికి లేదు.

ఈ తేడా కుక్కకు ఎందుకు ముఖ్యమంటే, యూఫోర్బియా కాండం తెగితే తెల్లటి పాలు కారతాయి. ఆ పాలలో చర్మాన్నీ నోటి పొరనూ మండించే డైటెర్పీన్ రసాయనాలుంటాయి. కొరికిన కుక్కకు వెంటనే చొంగ కారుతుంది, మూతిని కాలితో గీక్కుంటుంది, వాంతి చేసుకోవచ్చు. కొంచెం నమిలినంతలో ప్రాణాపాయం సాధారణంగా ఉండదు. కంట్లో పడితే మాత్రం లెక్క వేరు. కంటి ముందు పొర వాచి ఎర్రబడుతుంది, ఆలస్యం చేస్తే చూపు మీదికే వస్తుంది. కొరికినప్పుడు చింది పడ్డ చుక్క అయినా, పాలు అంటిన పాదంతో కన్ను రుద్దుకున్నా అంతే. పెన్సిల్ కాక్టస్‌కు ముల్లే ఉండదు, సన్నటి ఆకుపచ్చ పుల్లల గుత్తిలా ఉంటుంది. నమలడానికి పుల్ల కోసం వెతికే కుక్కపిల్లకు అంతకంటే ఏం కావాలి?

రెండింటినీ వేరు చేయడానికి పుస్తకాలు అక్కర్లేదు. ముళ్ల మొదళ్లు చూస్తే చాలు. కాక్టస్‌లో ముళ్లు నేరుగా కాండంలోంచి రావు. కాండం మీద చిన్న దూది బొట్టులాంటి మెత్త ఉంటుంది, ముళ్లన్నీ దాంట్లోంచి గుత్తిగా బయలుదేరతాయి. దాన్ని ఏరియోల్ అంటారు. అది కాక్టస్ కుటుంబానికి పుట్టుమచ్చ లాంటిది, వేరే ఏ కుటుంబానికీ ఉండదు. యూఫోర్బియాలో చాలావాటికి ముళ్లు గుత్తులుగా కాక జంటలుగా, ఆవు కొమ్ముల్లా విచ్చుకుని ఉంటాయి, కింద దూది బొట్టు కనిపించదు. సూదితో చిన్నగా గుచ్చి పాలు వస్తాయేమో చూడడం ఇంకో పద్ధతి. ఇందులో ఒక మెలిక ఉంది. మామిల్లేరియా అనే నిజమైన కాక్టస్ ప్రజాతిలో కొన్నిటికీ పాలు వస్తాయి, వాటితో ఏ బాధా లేదు. కాబట్టి పాలు వచ్చినంత మాత్రాన అది యూఫోర్బియానే అని తేల్చలేం. కుక్క ఉన్న ఇంట్లో మాత్రం పాలు కారేదాన్ని యూఫోర్బియా కిందే జమకట్టడం మంచిది. పొరపడినా నష్టం లేదు.

ఒకే అరలో పెట్టే మిగతా మొక్కల సంగతి కూడా ఇక్కడే చూడాలి. సక్యులెంట్లన్నీ, అంటే ఒంట్లో నీళ్లు దాచుకునే దళసరి మొక్కలన్నీ, ఒకేలా ఉంటాయనుకుని ఒకే ట్రేలో నాటేస్తారు. ఎచెవేరియా, హవర్తియా కుక్కలకు విషం కావు. కలబంద, జేడ్ మొక్క కుక్క తింటే వాంతులు, నీరసం రావచ్చు. కలాంకోలో గుండె లయను చెదరగొట్టే పదార్థాలుంటాయి. ఎడారి గులాబీ అని పిలిచే అడీనియం అన్నిటికంటే చెడ్డది. అది గన్నేరు కుటుంబపు మొక్క, గన్నేరులో ఉన్నలాంటి గుండె విషాలే అందులోనూ ఉంటాయి. కాక్టస్ గురించి టెన్షన్ పడి, దాని పక్కనే పూలతో నిండిన అడీనియం పెట్టుకున్న ఇళ్లు ఉంటాయి. భయం ఒక కుండీ అవతల ఉండాల్సింది.

నిజమైన కాక్టస్‌లలోనూ మినహాయింపు లేకపోలేదు. పెయోటి, శాన్ పెడ్రో అనే రెండింటిలో మెస్కలిన్ అనే మత్తు పదార్థం ఉంటుంది. పెయోటికి ముళ్లు కూడా ఉండవు. పెయోటి మామూలుగా ఇళ్లలో పెంచేది కాదు, పైగా రెండూ భరించలేనంత చేదు. వీటి గురించి ఇంతకంటే చెప్పుకోనక్కర్లేదు.

పెద్ద ముల్లు, కొక్కెం ముల్లు, నూగు ముల్లు

అసలు కథ ముల్లుది. కాక్టస్ ముల్లు నిజానికి రూపం మారిన ఆకు. జంతువులు కొరక్కుండా ఆపడం దాని పనుల్లో ఒకటి. కుక్క ముక్కు మీద అది తన పని తాను చేస్తుందంతే. అయితే అన్ని ముళ్లూ ఒకేలా పనిచేయవు.

గోల్డెన్ బ్యారెల్ లాంటి వాటి ముళ్లు పొడుగ్గా, గట్టిగా, పసుపు రంగులో దూరం నుంచే కనిపిస్తాయి. కుక్క వాసన చూడబోతే ముక్కు మీద ఒక పోటు పడుతుంది, కుయ్యిమని వెనక్కి తగ్గుతుంది. పెద్ద కుక్క అయితే రెండోసారి ఆ వైపు పోకపోవచ్చు. ముల్లు మొక్కకే ఉండిపోతుంది, గాయం చిన్నది. చూడ్డానికి భయంకరంగా ఉండే ఈ రకమే, కన్ను సంగతి పక్కన పెడితే, ఉన్నంతలో నిజాయితీ గల మొక్క.

కొక్కెం ముళ్లది వేరే పద్ధతి. మామిల్లేరియాల్లో కొన్నిటికి మధ్య ముల్లు చివర గాలంలా వంగి ఉంటుంది. బొచ్చుకో, చెవి అంచుకో, పెదవికో తగులుకుంటే కుక్క వెనక్కి లాగే కొద్దీ బిగుస్తుంది. మామిల్లేరియా బొకసానా అనే రకాన్ని చూస్తే తెల్లటి దూది ఉండలా ఉంటుంది, ముట్టుకోవాలనిపిస్తుంది. ఆ సిల్కు వెంట్రుకల కిందే కొక్కేలు దాగి ఉంటాయి. ముసలాయన గడ్డంలా తెల్ల వెంట్రుకలు కప్పుకున్న సెఫలోసీరియస్ సెనిలిస్‌కూ ఆ వెంట్రుకల చాటున గట్టి ముళ్లే ఉంటాయి.

అన్నిటికంటే గడుసుది నూగు ముల్లు. నాగజెముడు ఉపకుటుంబంలోని మొక్కలకు మాత్రమే ఉండే ఈ సన్నటి వాటిని గ్లోకిడ్లు అంటారు. కుందేలు చెవుల్లా రెండేసి బిళ్లలు లేచి, ఒంటి నిండా పసుపు చుక్కలు పెట్టినట్టుండే ఒపన్షియా మైక్రోడేసిస్‌ను చూడండి. దానికి పెద్ద ముళ్లు అసలు లేవు. ఆ చుక్క ఒక్కొక్కటీ వందకు పైగా నూగు ముళ్ల కుచ్చు. ఒక్కోటి 2, 3 మిల్లీమీటర్ల పొడవు, మనిషి వెంట్రుక కంటే సన్నం. మొక్కకు వదులుగా అంటుకుని ఉంటాయి, తాకితే చాలు పదులకొద్దీ ఊడి చర్మంలో దిగుతాయి. అంచుల వెంట వెనక్కి తిరిగిన పళ్లుంటాయి కాబట్టి లోపలికి పోవడమే గానీ బయటికి రావడం కష్టం. దూలగొండి నూగు తగిలినవాళ్లకు ఆ చిరాకు ఎలా ఉంటుందో కొంత ఊహ ఉంటుంది. దానికి గుచ్చుకునే గుణం కూడా తోడైతే ఎలా ఉంటుందో అలా.

కుక్క విషయంలో ఇది ఇంకా ముదురుతుంది. మనిషికి వేలికి గుచ్చుకుంటే వేలు దగ్గర ఆగుతుంది. కుక్క తన పాదానికి గుచ్చుకున్నదాన్ని నాకుతుంది. దాంతో పాదంలోని నూగు నాలుక మీదికి చేరుతుంది. నాలుక నుంచి చిగుళ్లకు, నాలుక కిందికి, గొంతులోకి. పైకి ఏ గాయమూ కనిపించదు. కుక్క మాత్రం పెదాలు చప్పరిస్తుంది, చొంగ కారుస్తుంది, గిన్నె దగ్గరికి వచ్చి తినకుండా వెళ్లిపోతుంది, మూతిని తివాచీకి రాస్తుంది. పొద్దున్నే మొక్క పక్కన పడుకుందని గుర్తుకొచ్చేదాకా కారణం అంతుపట్టదు.

చోయా అనే కాక్టస్‌లో ఈ పళ్ల వ్యవస్థ పెద్ద ముళ్లకు కూడా ఉంటుంది. దాని కణుపులు ఎంత తేలిగ్గా ఊడి అంటుకుంటాయంటే, మొక్క ఎగిరి దూకిందని అనుకునేవాళ్లున్నారు. చిన్న కుండీలో చూడ్డానికి బాగుంటుందని కొనడానికి సరదా పడవచ్చు గానీ, కుక్క తిరిగే ఇంటికి ఇది వద్దనడమే సరైన సలహా.

గుచ్చుకున్న తర్వాత

పాదంలో పెద్ద ముల్లు కనిపిస్తుంటే మంచి వెలుతురులో, ఒకరు కుక్కను నెమ్మదిగా పట్టుకుంటే, ట్వీజర్‌తో చర్మానికి దగ్గరగా పట్టి, అది దిగిన దిశలోనే నేరుగా లాగాలి. పిండకూడదు, ముల్లు లోపలే విరుగుతుంది. చోయా కణుపు మొత్తం అంటుకుంటే చేత్తో లాగబోయి చేతికి అంటించుకోవడం మామూలే. పెద్ద పళ్ల దువ్వెన కిందికి దూర్చి ఒక్క ఊపున ఎగజిమ్మాలి. నూగు ముళ్లకు మనుషుల చర్మం మీద ట్వీజర్ తర్వాత జిగురు పూసి, గుడ్డ అంటించి, ఆరాక లాగే పద్ధతి ఉంది. కుక్కకు బొచ్చు ఉంటుంది కాబట్టి ఆ చిట్కా పనికి రాదు, బాధే ఎక్కువ. ఈలోగా కుక్కను నాకనివ్వకపోవడమే ముఖ్యం. మెడకు కట్టే గరాటులాంటి కాలర్ ఇంట్లో ఉంటే అప్పుడే తగిలించాలి.

కన్నైతే ఇంట్లో ఏ ప్రయత్నమూ చేయకూడదు. గుచ్చుకున్న ముల్లును అక్కడే ఉంచి, కాలితో గీక్కోనివ్వకుండా నేరుగా వెటర్నరీ డాక్టర్ దగ్గరికి తీసుకెళ్లాలి. పగ్ లాంటి చప్పిడి ముక్కు కుక్కలకు ఈ ప్రమాదం మరింత ఎక్కువ. వాటి కళ్లు ముందుకు పొడుచుకుని ఉంటాయి, కాపాడడానికి ముందు పొడవాటి మూతి ఉండదు. కంట్లో పడింది ముల్లు కాకుండా యూఫోర్బియా పాలైతే మాత్రం మొదటి పని నీళ్లే. ఒక పావుగంట సేపు శుభ్రమైన నీళ్లు కంటి మీదుగా పోస్తూ ఉండి, ఆ తర్వాత బయల్దేరాలి.

నోట్లో గుచ్చుకున్నవాటిని ఇంట్లో తీయబోతే నొప్పితో ఉన్న కుక్క కరుస్తుంది, ఎంత మాలిమైనదైనా సరే. డాక్టర్లు కూడా చాలాసార్లు మత్తు ఇచ్చే నోరు తెరుస్తారు. ముక్క మింగేసిందని వాంతి చేయించాలనుకోవడం ఇంకో పొరపాటు. దిగేటప్పుడు ఒకసారి గీరిన ముల్లు ఎక్కేటప్పుడు మరోసారి గీరుతుంది. నొప్పి తగ్గుతుందని మనుషులు వాడే ఇబుప్రొఫెన్ లాంటి మాత్ర వేయడం అన్నిటికంటే ప్రమాదం. కాక్టస్ చేయని పని ఆ మాత్ర చేస్తుంది, కుక్క కడుపునూ కిడ్నీలనూ దెబ్బతీస్తుంది.

తీయకుండా ఉండిపోయిన ముల్లు సంగతి కొన్ని రోజులకు గానీ బయటపడకపోవచ్చు. విరిగిన ముక్క చుట్టూ చీము పట్టవచ్చు, లేదా శరీరం దాన్ని ఒక గట్టి గడ్డలా కట్టి పెట్టవచ్చు. కొన్ని లోపల్లోపలే కదులుతూ గుచ్చుకున్న చోటికి దూరంగా తేలతాయి. మొక్క ముల్లు లోహం కాదు కాబట్టి ఎక్స్‌రేలో సాధారణంగా కనిపించదు, అల్ట్రాసౌండ్ మేలు. అందుకే రెండు వారాల కింద కాక్టస్ తగిలిందన్న మాట డాక్టర్‌కు చెప్పడం చిన్న విషయం కాదు. మొక్క ఫొటో ఒకటి ఫోన్‌లో ఉంటే ఇంకా మంచిది. కాక్టసా, యూఫోర్బియానా అన్న ప్రశ్న అక్కడికక్కడే తేలిపోతుంది.

కుండీలో ఉన్నదంతా మొక్క కాదు

ముళ్లు చూసి మొక్కకు దూరంగా ఉన్న కుక్క కూడా మట్టి దగ్గరికి వస్తుంది. ఎముకల పొడి కలిపిన ఎరువు వాసన దానికి భోజనం వాసనే. అది ఎక్కువగా తింటే కడుపులో గట్టి ముద్దలా తయారవుతుంది. ఆముదపు పిండి ఎరువుగా వేస్తే అంతకంటే కీడు, ఆముదం గింజలోని రైసిన్ అనే విషం అందులో మిగిలి ఉండవచ్చు. పిండినల్లి పట్టిందని వేళ్లకు పోసే పురుగుమందు కూడా మట్టిలోనే ఉంటుంది. ఇక అలంకారానికి పైన పరిచే రంగు గులకరాళ్లు. కుక్కపిల్లలు వాటిని మింగుతాయి, పేగుకు అడ్డం పడితే ఆపరేషన్ దాకా వెళ్తుంది. కొన్ని చిన్న కాక్టస్‌లకు నెత్తిన రంగురంగుల ఎండు పూలు జిగురుతో అంటించి అమ్ముతారు. అవి మొక్కవి కావు, ఊడి పడితే కుక్క నోట్లోకి పోతాయి. ఇంటికి తెచ్చిన రోజే పీకేయడం మొక్కకూ మంచిదే.

ఒక్క కిటికీ, ఇద్దరు హక్కుదారులు

కాక్టస్‌ను కుక్కకు అందకుండా ఎత్తులో పెట్టండి అని అందరూ చెప్తారు. చెప్పినంత సులువు కాదు. కాక్టస్‌కు ఇంట్లో బాగా ఎండ తగిలే చోటు కావాలి, అంటే కిటికీ గట్టు. వీధిలోకి చూడడానికి కుక్క ముందు కాళ్లు వేసి నిలబడేదీ అదే గట్టు. బయట ఇంకో కుక్క కనిపించగానే తోక ఊపు, గట్టు మీద పరుగు, కుండీ నేల మీద ముక్కలు. కుక్క కావాలని కొరకడం కంటే ఇలా పొరపాటున పడగొట్టి తొక్కడమే ఎక్కువ ఊహించదగ్గ ప్రమాదం. చూపు తగ్గిన ముసలి కుక్క ఉన్న ఇంట్లో నడిచే దారిలో నేల మీద పెద్ద కాక్టస్ కుండీ ఉంచడం కూడా అలాంటిదే.

ఎండ తగ్గినా బతికే రకం ఎంచుకుంటే ఈ తగాదా చాలావరకు తీరుతుంది. క్రిస్మస్ కాక్టస్ ఎడారి మొక్క కాదు. బ్రెజిల్ ఆగ్నేయ కొండల్లో తడి అడవుల్లోని చెట్ల కొమ్మల మీద, ఆకుల నీడలో పెరుగుతుంది. గుచ్చుకునే ముళ్లు లేవు, విషం లేదు, వేలాడే కుండీలో చూరుకు కట్టినా పూస్తుంది. కుక్క రెండు బిళ్లలు తిన్నా పీచు పడక ఒక వాంతి, ఒక విరేచనంతో పోతుంది. రిప్సాలిస్ కూడా అంతే. ఆకుపచ్చ కాడ మీద ఎర్రటి బంతి అంటుగట్టిన మూన్ కాక్టస్‌కూ విషం లేదు. దానికి చిన్న ముళ్లుంటాయి కాబట్టి దాన్ని మాత్రం పైన పెట్టాలి.

ఇప్పటికే కుందేలు చెవుల కాక్టస్ ఇంట్లో ఉండి, దాన్ని వదులుకోవడానికి మనసు ఒప్పకపోతే, అజాగ్రత్త ఎక్కువగా జరిగేది కుండీ మార్చే రోజున. కుక్కను వేరే గదిలో పెట్టి తలుపు వేయాలి. కింద పాత పేపర్లు పరిచి, మొక్కను మడత పెట్టిన పేపరుతో పట్టుకోవాలి. పని అయ్యాక ఆ పేపర్లను దులపకుండా అలాగే చుట్టి పారేయాలి. గుడ్డతో తుడిస్తే నూగు గుడ్డకు అంటుకుని సోఫా మీదికీ, కుక్క పడుకునే పరుపు మీదికీ చేరుతుంది. నేల మీద వెడల్పాటి టేపు అద్దుతూ ఎత్తి, ఆ తర్వాతే తలుపు తీయాలి.